డెక్కు కింద రెండంగుళాలు



బస్తర్ నుంచి వచ్చి తెరచాప పడవ గురించి మాట్లాడతానంటే స్టూడియోలో అందరూ ఒకసారి నవ్వారు. నవ్వాల్సిందే మరి. మా జగదల్‌పూర్‌కి సముద్రం లేదు. ఉన్నది ఇంద్రావతి. చిత్రకోట దగ్గర లాడం ఆకారపు కొండ అంచు మీంచి దూకుతుంది. వానాకాలంలో అయితే ఎర్రమట్టి కలిపిన నీళ్లలా దూకుతుంది. కింద మడుగులో చిన్న పడవల మీద జనాన్ని తిప్పుతారు గానీ, చాప ఎత్తి గాలికి పడవ నడిపే అవసరం అక్కడ ఎవరికీ లేదు.

కానీ మా ఇనుముకి మాత్రం సముద్రం కొత్త కాదు. అది దొరికే కొండల పేరు బైలాదిలా, అంటే ఎద్దు మూపురం. దూరం నుంచి చూస్తే ఆ కొండల వరస అచ్చం అలాగే ఉంటుంది. 1968లో అక్కడ పెద్ద ఎత్తున తవ్వకం మొదలైంది. ఆ ఖనిజం కిరండూల్‌లో రైలెక్కి, సుమారు 450 కిలోమీటర్లు, యాభైకి పైగా సొరంగాలు దాటి, అరకు మీదుగా కొత్తవలస దిగి విశాఖ రేవు చేరుతుంది. ఆ లైను వేసిందే జపానుకి ఖనిజం పంపడానికి. నేను పనిచేసింది ఆ కొండల కింద ఒక మెషిన్ షాపులో. ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ముప్పై ఏళ్లపాటు నేను చూసినవి రెండే: అరిగిన ఇనుము, అరగబోతున్న ఇనుము. రిటైరయ్యాక మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, పాత సెయిలింగ్ బోటు ఒకటి కొన్నాను, వచ్చి ఒకసారి చూడు" అన్నాడు. నేను విశాఖ రైలెక్కాను. అలా మొదలైంది ఈ కథ.

ఆ పడవలో నేను చూసిన వస్తువు ఒకటుంది, ముందు అదేమిటో చెప్పాలి. మీ వీధి చివర కరెంటు స్తంభం ఉంటుంది. లైను మలుపు తిరిగే చోట స్తంభం ఒరిగిపోకుండా ఏటవాలుగా ఒక స్టే వైరు లాగి కడతారు. ఆ వైరు కింద ఒక ఇనప కడ్డీకి తగులుకుని ఉంటుంది, ఆ కడ్డీ భూమిలోకి దిగిపోతుంది. తెరచాప కొయ్యకీ ఇదే ఏర్పాటు. ముందూ వెనకా ఒక్కొక్క తీగ, రెండు పక్కలా రెండో మూడో తీగలు. స్తంభానికి భూమి ఉంది, పడవకి భూమి లేదు. కనుక తీగ కింది కొసను పడవ ఒంటికే బిగించాలి. ఆ బిగింపు కోసం పెట్టే ఇనప పట్టీనే చైన్‌ప్లేట్ అంటారు. చెయ్యి వెడల్పు కూడా ఉండదు. పై కొసకు ఒక పెద్ద బొక్క, అందులో పిన్ను దూరుతుంది. కింది భాగంలో నాలుగైదు బోల్టు బొక్కలు. అంతే.

చైన్ అంటున్నారు, గొలుసు ఏదీ అని నేనూ అడిగాను. పూర్వం పెద్ద కొయ్య ఓడల్లో నిజంగానే గొలుసు ఉండేదట. కొయ్యను పట్టుకునే మోకులు కిందికి వచ్చి చెక్క గుండులకు తగులుకునేవి, ఆ గుండులను ఓడ పక్కకు ఇనప గొలుసు లంకెలతో దిగ్గొట్టేవారు. మోకులు పోయి ఉక్కు తీగలు వచ్చాయి, గొలుసు పోయి పట్టీ వచ్చింది. పేరు మాత్రం పాతదే నిలిచింది.

ఇప్పుడు దీని మీద పడే బరువు చూడండి. 8 మిల్లీమీటర్ల స్టీలు తీగ తెగాలంటే నాలుగు టన్నులకు పైనే లాగాలి. తీగ తెగేలోపు పట్టీ తెగకూడదు. కనుక పట్టీ తీగ కన్నా బలంగా ఉండాలి. అదీ ఒక్కసారి లాగి వదిలే బరువు కాదు. గాలి ఎటు నుంచి వీస్తే ఆ పక్క తీగలు బిగుసుకుంటాయి, రెండో పక్కవి వదులవుతాయి. పడవ దిశ మార్చగానే తలకిందులు. అల వచ్చినప్పుడల్లా ఒక కుదుపు. రోజంతా, ఏళ్ల తరబడి. ఇనప తీగను చేత్తో పట్టి అటూ ఇటూ వంచి తెంపేవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

పట్టీ తెగితే ఏమవుతుందంటారా? కొయ్య పడిపోతుంది. కొయ్య పోతే పడవకి నడక పోతుంది. 2018 సెప్టెంబరులో మన నౌకాదళపు అధికారి అభిలాష్ టోమీ ఒంటరిగా ప్రపంచం చుట్టే పందెంలో ఉండగా, దక్షిణ హిందూ మహాసముద్రంలో తుఫాను ఆయన పడవ తురీయను దొర్లించింది. కొయ్య విరిగింది, ఆయన వెన్నుకు దెబ్బ తగిలింది. కదల్లేని స్థితిలో మూడు రోజులు పడి ఉంటే ఒసిరిస్ అనే ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. అక్కడ తప్పు చైన్‌ప్లేట్‌ది అని నేను అనడం లేదు, అది తుఫాను పని. కొయ్య పోవడమంటే ఏమిటో తెలియడానికి చెప్పాను, అంతే. అదే ఏడాది జనవరిలో తారిణి అనే 55 అడుగుల పడవ దక్షిణ అమెరికా చివర కేప్ హార్న్‌ను చుట్టి వచ్చింది. అందులో ఆరుగురూ నౌకాదళపు అమ్మాయిలే. వాళ్లలో ఇద్దరు మనవాళ్లు: విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాదుకి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 254 రోజులకి 2018 మే 21న తిరిగొచ్చారు. 21,600 నాటికల్ మైళ్లు! అది కొత్త పడవ, నిజమే. అయినా అన్ని మైళ్లు గాలి బరువంతా మోసింది డెక్కు అంచున ఉన్న ఆ కాసిని పట్టీలే అన్న ఆలోచన నన్ను వదలదు. పత్రికలు కెరటాల గురించి రాశాయి, పట్టీల గురించి ఎవరు రాస్తారు?

సరే, మా బావమరిది పడవ దగ్గరికి వద్దాం. 28 అడుగుల ఫైబర్ పడవ, 1980ల నాటిది. షెడ్డులో స్టాండ్ల మీద ఎక్కించి ఉంది. నిచ్చెన వేసుకుని ఎక్కాను. డెక్కు మీద మూడు పట్టీలు కుడివైపు, మూడు ఎడమవైపు. పైకి కనిపించే భాగం అద్దంలా మెరుస్తోంది. "చూశావా బావా, ఇన్నేళ్లయినా ఎంత నిగనిగలాడుతోందో" అన్నాడు మురిసిపోతూ.

నేను కిందికి దిగి క్యాబిన్‌లోకి వెళ్లాను. సోఫా వెనక ఉన్న చెక్క పలకను విప్పించాను. పట్టీ డెక్కులో ఉన్న సన్నని చీలిక గుండా కిందికి దిగి, లోపల నిలువుగా ఉన్న ప్లైవుడ్ అడ్డగోడకి బోల్టులతో బిగించి ఉంది. ఆ ప్లైవుడ్ మీద, పట్టీ అంచు వెంబడి, వేలెడు పొడవున టీ డికాక్షన్ కారినట్టు గోధుమరంగు చార ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచాను. నానిన అట్టముక్కలా లోపలికి దిగిపోయింది.

ఎక్కడో చదివిన మాట కాదు, నా చేతికి తెలిసిన మాట చెబుతాను. ఇనుము పైన పాడవదు, కింద పాడవదు, మధ్యలో పాడవుతుంది. కరెంటు స్తంభపు స్టే కడ్డీ అయినా అంతే. గాలిలో ఉన్న భాగం బాగుంటుంది, లోతున మట్టిలో ఉన్న భాగం బాగుంటుంది, నేల మట్టం దగ్గర తింటుంది తుప్పు. పడవ పట్టీకి ఆ చోటు డెక్కు మందంలో ఉంది. రెండంగుళాలు కూడా ఉండదు. పైనుంచి చూస్తే కనపడదు, కింద నుంచి చూసినా కనపడదు.

స్టెయిన్‌లెస్ స్టీలుకి తుప్పు పట్టదు కదా అంటారు. మన ఆడవాళ్లు ఆవకాయను స్టీలు డబ్బాలో ఎందుకు పెట్టరు? జాడీలో పెడతారు. ఉప్పు, పులుపు కలిసి నెలల తరబడి అంటుకుని ఉంటే స్టీలుకి గుంటలు పడతాయని వాళ్లకి తెలుసు. స్టీలులో క్రోమియం ఉంటుంది. గాలిలో ఉన్న ఆక్సిజన్‌తో అది కంటికి కనపడనంత పల్చటి పొర కట్టుకుంటుంది. ఆ పొరే దానికి కవచం. గీత పడినా, గాలి తగులుతుంటే పొర మళ్లీ దానంతటదే కట్టుకుంటుంది. అంటే అది ఊపిరి పీల్చే లోహం. డెక్కు చీలికలో పెట్టిన సీలెంట్ కొన్నేళ్లకి ఎండి, బిరుసెక్కి, వెంట్రుకంత సందు ఇస్తుంది. అందులోకి ఉప్పునీరు దిగుతుంది. దిగిన నీరు బయటికి పోదు, గాలి లోపలికి రాదు. ఆ ఇరుకులో ఉన్న కాస్త ఆక్సిజన్ అయిపోయాక పొర తిరిగి కట్టుకోదు. ఉప్పు చిక్కబడుతుంది, పులుపు ఎక్కుతుంది. అక్కడ మొదలవుతుంది గుంట. గుంట అడుగున మొదలవుతుంది పగులు. పైన మాత్రం అద్దం అద్దంలాగే ఉంటుంది. మామూలు ఇనుము నయం, చెడిపోతే ఎర్రగా పొట్టు రాలుస్తూ ఊరందరికీ చెబుతుంది.

"తీసి చూడాలిరా" అన్నాను. "పైన బాగుందిగా, ఇంకో రెండు సీజన్లు నడుపుకుని తీద్దాంలే" అన్నాడు. ఇంటి పత్రాల దగ్గర్నుంచి గుండె పరీక్ష దాకా అన్నిటికీ వాడిది ఇదే జవాబు.

తీశాం. ఒక్కటే తీశాం మొదట. ఈ మాట గట్టిగా చెప్పాలి: కొయ్య నిలబడి ఉండగా రెండు పట్టీలు ఒకేసారి విప్పకూడదు. చాప ఎత్తే తాడును కొయ్య మీంచి తెచ్చి, ఆ పక్క డెక్కు అంచున గట్టి చోట కట్టి బిగించి, అప్పుడు మాత్రమే తీగను వదులు చెయ్యాలి. తీగను బిగించే టర్న్‌బకిల్ ఎన్ని చుట్లు తిప్పామో కాగితం మీద రాసుకోవాలి. ఆరూ మార్చేపనైతే క్రేను తెప్పించి కొయ్యనే దించేయడం మేలు.

నట్లు కదల్లేదు. నూనె కొట్టి ఒక పూట వదిలేశాం. సాయంత్రానికి కిర్రుమంటూ కదిలాయి. పట్టీని కింద నుంచి చెక్క సుత్తితో తడుతూ పైకి నెట్టాం. పాత సీలెంట్ జీడిపాకంలా సాగి, చటుక్కున వదిలింది. పట్టీ చేతికొచ్చింది. పై భాగం తెల్లగా, కింది భాగం తెల్లగా, మధ్యలో అంగుళంన్నర మేర మాడిన అట్టులా నల్లటి, గోధుమరంగు మచ్చలు. గోరుతో రాస్తే చిన్న చిన్న గుంటలు తగిలాయి.

మా షాపులో వాడే రంగు పరీక్ష చేశాం. పట్టీని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఎర్రటి ద్రవం చల్లాలి. పావుగంట ఆగాలి. గుడ్డతో పైన రంగంతా తుడిచేయాలి. అప్పుడు తెల్లటి పొడి స్ప్రే కొట్టాలి. పగులు ఏదైనా ఉంటే అందులోకి దిగిన ఎరుపు మెల్లగా ఆ తెలుపులోకి ఊరి పైకి వస్తుంది. మేమిద్దరం ఒంగుని చూస్తున్నాం. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత, మచ్చ ఉన్న చోట ఒక అంచు నుంచి, అడ్డంగా, కుంకుమతో గీసినట్టు సన్నని గీత తేలింది. పట్టీ వెడల్పులో మూడో వంతు దాకా వచ్చి ఆగింది. వాడు ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి, "వెల్డింగ్ పెట్టేస్తే సరిపోదా బావా?" అన్నాడు.

సరిపోదు. పగులు మీద వెల్డింగ్ పెడితే మూసుకునేది పై నోరు. అడుగున దాని కొస అలాగే ఉంటుంది. పైగా వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం ఇంకా చెడుతుంది. పట్టీ మార్చాలి. దానితోపాటు బోల్టులూ మార్చాలి. అవీ అదే నీళ్లలో అన్నేళ్లే నానాయి.

ఇక్కడ మా బస్తర్ మాట ఒకటి అడ్డొస్తోంది, చెప్పి ముందుకెళ్తాను. మా దసరా 75 రోజుల పండగ. రావణుడితో దానికి పని లేదు, అది దంతేశ్వరి అమ్మవారి దసరా. 1323లో ఓరుగల్లు పడిపోయాక అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం పెట్టాడని, ఆ కాకతీయుల వంశమే మా బస్తర్ రాజులని ఇక్కడ చెప్పుకుంటారు. అందుకని తెలుగువాడిగా నాకు ఆ పండగ మీద కాస్త హక్కు ఉందనుకుంటాను. అందులో రెండు రథాలు: నాలుగు చక్రాలది, ఎనిమిది చక్రాలది. మా సర్గి మాను, అంటే గుగ్గిలం చెట్టు కలపతో చేస్తారు. ఉమరగావ్ ఊళ్ల నుంచి వడ్రంగులూ కమ్మర్లూ వచ్చి జగదల్‌పూర్‌లో మకాం పెట్టి, బాడిసలతో చెక్కి, ఇనప పట్టీలు కాల్చి బిగించి తయారుచేస్తారు. లాగే మోకులు అడ్డతీగ నారతో పేనినవి. మీరు విస్తళ్లు కుట్టే అడ్డాకు ఉంది చూడండి, ఆ తీగే. వందల మంది ఆ మోకులు పట్టుకుని లాగుతారు. అయితే అసలు విశేషం ఇది: ఒక ఏడాది నాలుగు చక్రాల రథం కొత్తగా చేస్తారు, మరుసటి ఏడాది ఎనిమిది చక్రాలది. ఏ రథమూ రెండు పండగల కన్నా ఎక్కువ తిరగదు. లోపల ఏముందో అని పరీక్షించే అవసరమే రానివ్వరు. రథం కింద మనుషులుంటారు కదా, అందుకు.

పడవకి ఆ భాగ్యం లేదు. రెండేళ్లకో పడవ ఎవరు కడతారు? కడితే పడవ నలభై ఏళ్లుండాలి. ఇంకా ఎక్కువే ఉంటుంది. బొంబాయిలో టేకుతో కట్టి 1964లో నీళ్లలో దించిన సుహైలీ ఉంది. 32 అడుగులు. దాని మీదే రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండులో బయల్దేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టి, 312 రోజులకి 1969 ఏప్రిల్ 22న తిరిగొచ్చాడు. అలా చుట్టిన మొదటి మనిషి అతను, మొదటి పడవ మన బొంబాయి పడవ. టేకు చెక్కుచెదరలేదు. కానీ చెక్కను పట్టుకున్న ఇనప మేకులు లోపల్లోపల తుప్పు తిన్నాయి. ఎన్నో ఏళ్ల తర్వాత, తను డెబ్బై దాటిన వయసులో, ఆయన పడవను ఒడ్డుకెక్కించి ఆ బిగింపులు తీసి కొత్తవి వేయించాడు. ప్రపంచం చుట్టిన పడవ ఇంట్లో ఫొటోలా ఉంటే చాలదనుకున్నాడు కాబోలు. నాకు ఆయన చేసిన ప్రయాణం కన్నా ఈ పనే పెద్దదిగా కనిపిస్తుంది. ఫిట్టరు బుద్ధి అనుకోండి.

కొత్త పట్టీల కోసం విశాఖలో తిరిగాం. స్టీలు కొనేటప్పుడు జాగ్రత్త. సముద్రపు పనికి 316 రకం కావాలి, అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. మన ఊళ్లలో మెట్ల రెయిలింగులకి వాడేది చాలావరకు చవక రకం, 202. మెరుపులో తేడా తెలియదు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందంటారు, కానీ 304 అనే ఇంకో రకానికీ 316కీ మధ్య అది తేడా చెప్పలేదు. మాలిబ్డినం ఉందో లేదో చెప్పే చుక్కల మందు దొరుకుతుంది, లేదా తయారీ సర్టిఫికెట్ చూడాలి. మాకు మొదటి దుకాణంలో "316 ఏ సార్, నా మాట నమ్మండి" అన్నారు. చుక్క వేశాం. రంగు మారలేదు. దణ్ణం పెట్టి బయటికొచ్చాం. సిలికాన్ కంచుతో చేసుకునేవాళ్లున్నారు, డబ్బుంటే టైటానియం. ఈ ఇరుకు తుప్పు బాధ టైటానియానికి దాదాపు లేదు. మా వాడి జేబు 316 దగ్గర ఆగింది.

పాత పట్టీ కన్నా కొంచెం మందం పెంచాం. బొక్కల అంచులు ఆకురాయితో నున్నగా చేశాం. గరుకు అంచున్న చోటే పగులు మొదలవుతుంది కనుక పట్టీ అంతా అద్దంలా పాలిష్ పట్టించాం. ఈ మెరుపు అందానికి కాదు, ఉప్పు నిలవకుండా.

ఎక్కువ కాలం పట్టింది పట్టీకి కాదు, డెక్కుకి. ఫైబర్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది, తేలిక కోసం. చీలిక చుట్టూ అది నల్లగా కుళ్లి ఉంది. తడి చెక్కంతా తోడేసి, ఆరనిచ్చి, ఎపాక్సీ కూరి, అది రాయిలా గట్టిపడ్డాక అందులో కొత్త చీలిక కోశాం. ఇక మీద నీరు దిగినా చెక్కకి తగలదు. చీలిక పైన చుట్టూ చిన్న గాడి పెట్టి అందులో బ్యూటైల్ అనే బంక నొక్కాం. పూర్వం కోరంగిలోనూ గోదావరి రేవుల్లోనూ పడవల సందుల్లో నార కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూసేవారు. ఆ గుగ్గిలం మా సర్గి మాను కార్చే బంకే. దక్షిణ బస్తర్ టేకు దుంగలు కూడా శబరి, గోదావరుల మీద తేలి కిందికి దిగేవి. మా అడవి ఎప్పటినుంచో పడవలకి సామాను పంపుతూనే ఉంది, పడవ మాత్రం చూడలేదు.

పాత పట్టీని నేను సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను. కొండగావ్‌లో ఇనపబొమ్మలు చేసే ఒక పెద్దాయన నాకు పరిచయం. లేళ్లు, దీపాలు పట్టుకున్న మనుషులు, డోలు వాయించేవాళ్లు, అన్నీ ఒకే ఇనప ముక్కని కాల్చి, సాగదీసి, వంచి చేస్తాడు. ఆయన చేతిలో పెట్టాను. ఎర్ర గీత అప్పటికి చెరిగిపోయింది, కంటికి ఏమీ కనపడదు. ఆయన దాన్ని తాడుకి వేలాడగట్టి చిన్న సుత్తితో తట్టాడు. టక్కుమంది. పక్కనే ఉన్న తన కడ్డీని తట్టాడు. ఖంగుమని, చాలాసేపు మోగింది. మా పట్టీని మళ్లీ తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మధ్యలో సరిగ్గా పగులున్న చోట బొటనవేలు పెట్టి చూపించాడు.

ఆ రాత్రే ఫోన్ చేసి మా వాడికి చెప్పాను. ఇప్పటికి కుడివైపు మూడూ మార్చాం, ఎడమవైపు రెండు పూర్తయ్యాయి. ఒకటి మిగిలింది. దాని నట్లకి నూనె కొట్టి ఉంచమన్నాను. రేపు ఉదయం వెళ్లి విప్పాలి.